తలుపులు వివేకంగా ఎత్తుట గురించి

'వివేకంగా' అనే మాట మా మురుగు కాలువల డివిజను ఆఫీసులోకి ఒక సోమవారం పదకొండున్నరకి తపాలా కట్టలో వచ్చింది. అంతకుముందు మాకు వివేకం లేదని కాదు, ఆ మాటతో పనిపడలేదంతే. మేము పనులు 'వెంటనే' చేసేవాళ్ళం, అంటే నెలకి. 'అత్యవసరంగా' చేసేవాళ్ళం, అంటే రెండు నెలలకి. ఇప్పుడు ఇది మూడోది.

ఎక్కడో పైన, పెద్దవాళ్ళు కూర్చునే సభలో, ఒకాయన లేచి "ఆ కాలువ పని వివేకంగానే చేశారా?" అని అడిగాడట. చేశామన్నారట. "ఆధారమేమిటి?" అన్నాడట. ఫైలంతా తిరగేస్తే అంచనాలున్నాయి, కొలతలున్నాయి, ఫొటోలున్నాయి, వివేకంగా అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. దాంతో ఉత్తర్వు పుట్టింది.

"ఇకమీదట శాఖలో ప్రతి పనియు వివేకంగా చేయవలెను. వివేకంగా చేసినట్లు చేసినవారే ధ్రువపరిచి సంతకము చేయవలెను. వివేకంగా అనగా: ఒకటి, తొందరపడకుండా, రెండు, తగినవారిని సంప్రదించి, మూడు, మంచిచెడ్డలు తూచి, నాలుగు, ఆధారము చేతికందిన మీదట."

మా డివిజను పెద్ద, ఈఈ పరబ్రహ్మం గారు ఆ కాగితాన్ని చేయి బారున చాపి పట్టుకుని రెండుసార్లు చదివారు. ఆయనకి ముప్పై ఏళ్ళుగా ఒక బాధ ఉంది. ఏ పనైనా ఎందుకు చెయ్యలేదని అడిగితే చెప్పడానికి గౌరవమైన మాట దొరక్క ఇబ్బంది పడేవారు. ఆయన మొహం వెలిగిపోయింది.

"పిచ్చేశ్వర్రావ్," అన్నారు నాతో. నేను సీనియర్ అసిస్టెంటుని. "దీని కాపీ ప్రతి టేబులుకీ ఒకటి. వివేకంగా పంచాలి సుమా!"

వివేకంగా పంచడానికి మూడు రోజులు పట్టింది.

వారం తిరిగేసరికి మా ఆఫీసు రూపు మారిపోయింది. సెలవు చీటీలో కడుపునొప్పి వివేకంగా వచ్చినట్టు రాయాల్సి వచ్చింది. ఫ్యాను వేసిన మనిషి, వేసేముందు ఎవరిని సంప్రదించాడో చూపడానికి స్విచ్చి పక్కన ఒక రిజిస్టరు వేలాడదీశాం. టీ తెచ్చే వెంకాయమ్మ రెండో రోజే గోల పెట్టింది. "ఏందయ్యా ఇది, తెచ్చింది తాగరు, చల్లారినాక ఎందుకు చల్లారిందో రాయమంటారు!" అంది. నాలుగో రోజు నుంచి టీ తేవడం మానేసింది. ఆ ఒక్క పనిలో ఎవరికీ ఏ అభ్యంతరమూ రాలేదు. అప్పుడే మాకు అసలు రహస్యం బోధపడింది. చేసిన పనికి నాలుగు అంశాలూ చూపాలి, చెయ్యని పనికి ఒక్కటీ చూపక్కర్లేదు. ఆ నెలలో మా డివిజనులో అవివేకమైన పని ఒక్కటి కూడా నమోదు కాలేదు. పై ఆఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది.

ఇంతవరకు ఎవరికీ నష్టం లేదు. నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కాని మా కింద తుమ్మలంక తూము ఉంది, ఆ తూము మీద నాంచారయ్య ఉన్నాడు.

తుమ్మలంక మా డివిజనుకి చివర, సముద్రానికి దగ్గర. పైనున్న పన్నెండు వందల ఎకరాల మురుగునీరు ఒకే కాలువలో పడి ఆ తూములోంచి సముద్రం వైపు పోవాలి. తూముకి నాలుగు ఇనప తలుపులు. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు తలుపులు దించాలి, లేకపోతే ఉప్పునీళ్ళు ఎగదన్ని పొలంలోకొస్తాయి. పాటు మొదలై సముద్రం వెనక్కి తగ్గగానే ఎత్తాలి, లేకపోతే వాననీళ్ళు పోయే దారి లేక పొలం మునుగుతుంది. పోటూ పాటూ రోజుకి రెండేసి సార్లు. ఏ రోజు వేళ ఆ రోజుదే, నిన్నటిది ఇవాళకి పనికిరాదు. గాలి తిరిగితే అదీ మారుతుంది.

నాంచారయ్య అక్కడ లస్కరు. తలుపులు ఎత్తడం, దించడం అతని ఉద్యోగం. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడు, ఇంకో పదమూడు నెలలకి రిటైర్మెంటు. అతని పద్ధతి చాలా చిన్నది. ఒక వరిపరక తీసి తూము దిగువన నీళ్ళలో వేస్తాడు. పరక ఊరి వైపు వస్తుంటే కూర్చుని చుట్ట కాలుస్తాడు. పరక ఆగితే చుట్ట ఆర్పుతాడు. సముద్రం వైపు తిరిగితే లేచి హ్యాండిలు తిప్పుతాడు. ఆ ముప్పై ఒక్క ఏళ్ళలో తుమ్మలంక మునగలేదు. ఆ పొలంలో అతని కౌలు చేను కూడా ఎకరంన్నర ఉంది.

భాద్రపదంలో వివేక శిక్షణ వచ్చింది. పట్నం నుంచి ఒక నిపుణుడు వచ్చి, ఒక ఏసీ హాల్లో తెర కట్టి, రెండు రోజులు బొమ్మలు చూపించాడు. సూటు వేసుకున్న గుడ్లగూబ బొమ్మ ఒకటి మాటిమాటికీ వచ్చి ఆలోచించేది. డివిజనులోని లస్కర్లందరూ ముందు వరసలో కూర్చుని చలికి తువ్వాళ్ళు కప్పుకున్నారు. చివర్లో పరీక్ష. పాసైనవాళ్ళకే ఇక తలుపుల మీద అధికారం.

మొదటి ప్రశ్న: "తలుపులు వివేకంగా ఎత్తుట అనగానేమి?"

వర్క్ ఇన్‌స్పెక్టరు చక్రధర్ తుమ్మలంక సెక్షనుకి వచ్చి ఆరు నెలలైంది. తూము ఒకసారి చూశాడు, అదీ బస్సులోంచి. మూడు అదనపు కాగితాలు అడిగి తీసుకుని, నాలుగు అంశాలకీ ఉపాంశాలు రాసి, చివర గుడ్లగూబ బొమ్మ వేశాడు. తొంభై ఎనిమిది మార్కులు.

నాంచారయ్య చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత రెండే మాటలు రాశాడు: "నీళ్ళు చూసి."

సున్నా. నిపుణుడు ఆ కాగితాన్ని అందరికీ చూపించి, "ఇదే మన సమస్య," అన్నాడు బాధగా.

మర్నాడే తలుపులు దింపించి తుమ్మలంక తూము హ్యాండిలు తెప్పించారు. మోచేతి పొడవు ఇనప హ్యాండిలు, పట్టుకునే చోట అరిగి అద్దంలా ఉంది. దాన్ని మా ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నా దగ్గర ఉంచారు. బీరువా తెరవాలంటే చక్రధర్, డీఈ, ఈఈ గార్ల ముగ్గురి సంతకాలు ఉండాలి. ఆఫీసుకీ తూముకీ పదకొండు మైళ్ళు.

హ్యాండిలు అప్పగించడానికి నాంచారయ్యే వచ్చాడు. రశీదు రాస్తుంటే నా బల్ల దగ్గర నిలబడ్డాడు.

"గుమాస్తా గారూ, మరి పాటు వచ్చినప్పుడు ఎట్టాగండి?"

"ఫోను చెయ్యి. చక్రధర్ గారు సంప్రదిస్తారు."

"పాటు ఆగదు కదండీ, ఈయన సంప్రదించిందాకా?"

రశీదు మీద 'వివేకంగా స్వీకరించితిని' అని రాసి ఇచ్చాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆశ్వయుజంలో వాన పట్టుకుంది. రెండు రోజులు ఎడతెరిపి లేదు. మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి నాంచారయ్య ఫోను. చక్రధర్ ఆఫీసులోనే ఉన్నాడు, నా పక్కనే నిలబడి మాట్లాడాడు.

"సార్, కాలవ గట్టు మీదకొచ్చిందండి. పదిన్నరకి పాటు మొదలవుద్ది. హ్యాండిలు పంపండి సార్."

"పదిన్నరకని ఎవరు చెప్పారు?"

"పరక ఆగబోతందండి."

చక్రధర్ ఫోను చేత్తో మూసి నావైపు చూశాడు. "పరకట!" అన్నాడు. తర్వాత ఫోనులో, "తొందరపడకు. మొదటి అంశం గుర్తుందిగా!" అన్నాడు.

పదిన్నరకి ఈఈ గారి గదిలో సమావేశం మొదలైంది. మినిట్స్ నేనే రాశాను. తలుపులు ఎత్తితే కలిగే మంచి ఒక పక్క, చెడ్డ ఒక పక్క గీత గీసి రాయించారు. మంచి: నీళ్ళు పోవుట. చెడ్డ: నీళ్ళు పోయిన పిదప అవసరము పడినచో తిరిగి తెచ్చుట అసాధ్యము. పరబ్రహ్మం గారు రెండో దాని దగ్గర చాలాసేపు ఆగారు.

"ఇది మనం తేలిగ్గా తీసుకోకూడదయ్యా. వ్యవసాయ శాఖని సంప్రదించారా?"

"సంప్రదించామండి. పొలం మునిగితే నష్టం అంచనా వేస్తామన్నారు. మునగకముందు వాళ్ళకి సంబంధం లేదట."

"చూశారా! వాళ్ళకున్న వివేకం మనకి లేదు."

మధ్యాహ్నం రెండున్నరకి, ఎత్తవచ్చునా లేదా అన్న విషయం పరిశీలించుటకు ఒక ఉపసంఘం వెయ్యవచ్చునని తీర్మానం జరిగింది. ఇంకో రెండు గంటల్లో అక్కడ మళ్ళీ పోటు. ఇంతలో ఫోను మోగింది, చక్రధర్ అందరికీ వినపడేలా పెట్టాడు. తుమ్మలంక నుంచే.

"ఎత్తేశానండి," అన్నాడు నాంచారయ్య. ఆయాసపడుతున్నాడు. "పదిముప్పావుకే. నీళ్ళు దిగిపోయాయండి. పోటు రాకముందే మళ్ళా దించేస్తా."

"హ్యాండిలు లేకుండా ఎలా ఎత్తావ్?" అన్నాడు చక్రధర్.

"గునపాలేసి తిప్పామండి. ఊళ్ళో పదిమంది పట్టారు."

నా లోపల ఏదో బరువు దిగినట్టయింది. హమ్మయ్య అనుకున్నాను, పైకి అనలేదు.

"గునపాలా!" అన్నారు పరబ్రహ్మం గారు. ఇంట్లో దొంగలు పడ్డారని విన్నవాళ్ళు అలా అంటారు.

మర్నాడు మెమో వెళ్ళింది. "తుమ్మలంక తూము తలుపులను అవివేకముగా, గునపములతో, సమావేశము జరుగుచుండగా ఎత్తినందులకు మీపై ఏల చర్య తీసికొనరాదో తెలుపవలెను." పదిహేను రోజుల్లో విచారణ. పక్క డివిజను నుంచి ఒక విచారణాధికారి వచ్చారు. ఆయన పేరు ఎవరికీ గుర్తులేదు, ఆయన తెచ్చుకున్న దిండు మాత్రం గుర్తుంది. కుర్చీలో దిండు సర్దుకుని మొదలుపెట్టారు.

"నీళ్ళ దిశ దేనితో చూశావు?"

"వరిపరకతోనండి."

"ఆ పరక శాఖ ఆమోదించినదేనా?"

"మా వామిలోదండి."

"ఎవరైనా తనిఖీ చేశారా?"

"గేదె చూసిందండి."

నేను తల వంచుకుని రాసుకుంటున్నాను. నవ్వొస్తే అదీ రిజిస్టరులో రాయాలి.

"సరే," అన్నారు అధికారి. "అసలు సంగతికొద్దాం. నువ్వు తలుపులు ఎత్తకపోతే పొలాలు మునిగేవా?"

"మునిగేయండి. పైరు కుళ్ళిపోయేది."

"మునిగాయా?"

"లేదండి. ఎత్తాను కదండీ."

"మునగలేదు. అంటే మునుగుతాయనడానికి ఆధారం లేదు. ఆధారం చేతికందకుండా ఎత్తావు. నాలుగో అంశం."

నాంచారయ్య కాసేపు ఆలోచించాడు. అతను నిజంగానే ఆలోచిస్తున్నాడని నాకు తెలిసింది, ఆ గదిలో ఆ పని చేస్తున్నది అతనొక్కడే.

"ఆధారం కావాలంటే మునగాలి కదండీ?" అన్నాడు.

"అది నువ్వు ముందే ఆలోచించుకోవలసిన విషయం," అన్నారు అధికారి, దిండు చంకన పెట్టుకుని లేస్తూ.

తీర్పులో మెలిక లేదు. ఆధారం లేదు కాబట్టి పని అవివేకం. శిక్షగా నాంచారయ్యని తూము నుంచి తీసేసి మా ఆఫీసు రికార్డు గదిలో వేశారు. కిటికీ లేని గది. అతను ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి నీళ్ళు కనపడని చోట కూర్చున్నాడు. రోజుకి ఒకసారి, ఎప్పుడని చెప్పలేం, కుర్చీలో కదిలి లేచి నిలబడేవాడు. "ఏమైంది నాంచారయ్యా?" అంటే, "పాటు మొదలైనట్టుందండి," అని మళ్ళీ కూర్చునేవాడు. ఒకరోజు పందెం కట్టుకుని తుమ్మలంకకి ఫోను చేసి కనుక్కున్నాం. పావుగంట కూడా తేడా లేదు.

అదే నెలలో చక్రధర్‌కి శాలువా కప్పారు. అతని సెక్షనులో వానలకి ఒక్క ఎకరం కూడా మునగలేదు కదా! ప్రశంసా పత్రంలో 'వివేకంగా' అన్న మాట ఆరుసార్లు ఉంది, నేనే టైపు చేశాను.

కార్తీకంలో తుపాను వచ్చింది. వరి పొట్ట మీద ఉంది, కొన్ని చేలు అప్పుడే ఈనుతున్నాయి. ఈసారి మేము సిద్ధంగా ఉన్నాం. ఎవరూ గునపాలు తేకుండా తూము దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళని పెట్టించారు. సమావేశం వాన మొదలవకముందే మొదలైంది. ఉపసంఘం ఉంది, గీత గీసిన కాగితం ఉంది, పరక స్థానంలో శాఖ ఆమోదించిన పరికరం కొనడానికి టెండరు కూడా పిలిచి ఉంది. తుమ్మలంక రైతుల నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ప్రతి ఫోనూ రిజిస్టరులో రాశాం.

పదకొండింటికి రికార్డు గది తలుపు తీసుకుని నాంచారయ్య సమావేశం గదిలోకి వచ్చాడు. పిలవకుండా అలా రావడం అదే మొదలు.

"అయ్యా, పాటు మొదలైంది. హ్యాండిలివ్వండి. మోటారు సైకిలు మీద పోతే అరగంట. మళ్ళా మీకే తెచ్చిస్తా. కాళ్ళు పట్టుకుంటానయ్యా."

పరబ్రహ్మం గారు చెడ్డవారు కారు. కాసేపు ఆయన మొహంలో ఏదో కదిలింది. తర్వాత ఎదురుగా ఉన్న ఉత్తర్వు మీద చూపు పడింది.

"ఆధారం కావాలి కదయ్యా," అన్నారు మెల్లిగా.

తాళంచెవి నా జేబులోనే ఉంది. లేచి ఇచ్చేస్తే సరిపోయేది. నేను లేవలేదు. మూడు సంతకాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. నా ఇరవై ఏడేళ్ళ నౌకరీలో నేను చేసిన పనులు చాలా మర్చిపోయాను, ఆ రోజు చెయ్యనిది మర్చిపోలేను.

మూడు రోజుల్లో ఆరు పాటులు దాటిపోయాయి. పన్నెండు వందల ఎకరాలు మునిగాయి. నివేదికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొందరపడలేదు, అందరినీ సంప్రదించాం, తూచాం, ఆధారం చేతికందింది. పై ఆఫీసు దాన్ని అన్ని డివిజన్లకీ నమూనాగా పంపింది.

అక్కడితో ఆగలేదు. ఆ నివేదిక చదివిన ఎవరో తెలివైన అధికారి ఒక విషయం పట్టుకున్నాడు. తలుపులు ఎత్తకపోతే తుమ్మలంక మునుగుతుందని ఇప్పుడు ఆధారసహితంగా రుజువైంది. కాబట్టి ఆశ్వయుజంలో నాంచారయ్య ఎత్తడం వివేకంగా చేసిన పనే. వారంలో ఉత్తర్వు దిగింది. "లస్కరు నాంచారయ్యపై అభియోగము రద్దు చేయడమైనది. ఇటీవలి ముంపు దృష్ట్యా అతని చర్య వివేకమైనదిగా నిర్ధారింపబడినది. అతనిని తుమ్మలంక తూమునకు తిరిగి నియమించడమైనది. హ్యాండిలు మాత్రము బీరువాలోనే ఉండవలెను."

అప్పటికి నాంచారయ్య సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నాడు. ఉత్తర్వు నేనే తీసుకెళ్ళాను, సైకిలు మీద. క్యారియరుకి ఒక గోనెసంచి కట్టుకున్నాను.

అతను తన చేలో ఉన్నాడు. నీళ్ళు ఇంకా మోకాలి లోతున ఉన్నాయి. వెన్నులు నీళ్ళ మీద తల వాల్చి పడున్నాయి, కుళ్ళిన వాసన. గట్టు మీంచి పిలిస్తే అక్కడే నిలబడ్డాడు, ఒడ్డుకి రాలేదు. ప్యాంటు మడుచుకుని నేనే దిగాను. చదివి వినిపించాను.

"అంటే నేను చేసింది రైటేనాండి?"

"రైటే, నాంచారయ్యా."

"ఇదంతా మునిగినాక తెలిసిందాండి?"

నేను కాగితం ముందుకి చాపాను. అందుకున్నవారు నింపాల్సిన గడి ఒకటుంది: 'ఈ ఉత్తర్వును ఎట్లు స్వీకరించితిరి?'

"ఇక్కడ వివేకంగా అని రాసి సంతకం పెట్టు."

నా వీపు మీద కాగితం పెట్టుకుని రాశాడు. వివేకంగా అన్న మాటకి అంతసేపు పట్టదు. తీసి చూస్తే ఇలా ఉంది: "మోకాలిలోతు నీళ్ళలో నిలబడి."

అతన్నీ గట్టు మీదకి తీసుకొచ్చి, గోనెసంచి విప్పి హ్యాండిలు అతని చేతిలో పెట్టాను. పట్టుకోగానే అరిగిన చోటుకి చెయ్యి దానంతటదే పోయింది. అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి.

"దీనికి సంతకం ఎక్కడండి?"

"దీనికి లేదు," అన్నాను.

నేను ఎవరినీ సంప్రదించలేదు, ఏమీ తూచలేదు. చక్రధర్ భోజనానికి వెళ్ళినప్పుడు తాళం తీశాను, అంతే.

నాంచారయ్య నింపిన కాగితం పై ఆఫీసుకి వెళ్ళి అభ్యంతరంతో తిరిగొచ్చింది. "స్వీకరించిన తీరు నిబంధనలకు విరుద్ధముగా ఉన్నది. సరిచేసి పంపవలెను." నాలుగు నెలలుగా అది నా బల్ల మీదే ఉంది. ఎవరైనా అడిగితే తొందరపడట్లేదండి, తగినవారిని సంప్రదిస్తున్నానండి అంటున్నాను. ఎవరూ మాట్లాడట్లేదు.

నిన్న పరబ్రహ్మం గారు బీరువా ముందు ఆగారు.

"పిచ్చేశ్వర్రావ్, తుమ్మలంక హ్యాండిలు భద్రమేనా?"

"రిజిస్టరులో ఉందండి. తెరిచి చూస్తారా? మూడు సంతకాలు కావాలి. డీఈ గారిని, చక్రధర్ గారిని పిలిపించి సమావేశం పెట్టమంటారా?"

ఆయన బీరువా వంక చూశారు, నా వంక చూశారు. ఏం గ్రహించారో నాకు తెలీదు.

"వద్దులే," అన్నారు. "తొందరేముంది!"

బయట అకాల వాన మొదలైంది. నేను గోడ మీద గడియారం చూశాను. తుమ్మలంకలో ఈపాటికి పరక సముద్రం వైపు తిరిగి ఉంటుంది.